పాత లారీ ఇంజిన్ విప్పినప్పుడు: కంప్రెషన్ ఎక్కడ పోతుంది, పవర్ ఎక్కడ దొరుకుతుంది

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ లారీ షెడ్డులో ఇంజిన్ విప్పినా ఓనరు నోటి నుంచి వచ్చే మాట దాదాపు ఒకటే. "అన్నా, ఎట్లాగూ ఇప్పినం గదా, జర కంప్రెషన్ పెంచరాదే. బండి గుంజుతలేదు." అడగడంలో తప్పేమీ లేదు. సిలిండర్లకు మూతలా ఉండే హెడ్డును దించి ఎక్కించే కూలీ ఎట్లాగూ తప్పదు. అదే ఖర్చులో బండికి ఇంకాస్త బలం వస్తే ఎవరికి చేదు?

చిక్కు ఏమిటంటే, ఈ ఒక్క కోరికలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఇంజిన్ కొత్తలో ఉన్నప్పటి, ఇప్పుడు లీకై పోతున్న ఒత్తిడిని మళ్లీ నిలబెట్టడం ఒక పని. కంపెనీ పెట్టిన కొలతలను మార్చి, గాలిని అంతకంటే ఎక్కువగా నొక్కేలా చేయడం ఇంకో పని. మొదటిది తప్పకుండా చేయాల్సిందే, అదీ పూర్తిగా చేయాలి. రెండోది డీజిల్ లారీకి ఇచ్చేది దాదాపు ఏమీ లేదు, పైగా ఇంజిన్ ప్రాణం మీదికి తెస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది అప్పు తెచ్చిన డబ్బుతో హెడ్డు అవసరానికి మించి చెక్కించడమో, డీజిల్ పంపు సీలు తెంపించడమో చేసి బండిని పాడు చేసుకుంటున్నారు.

గాలిని నొక్కితే ఏమవుతుంది

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సైకిల్‌కు గాలి కొడుతుంటే పంపు అడుగు వేడెక్కుతుంది కదా, డీజిల్ ఇంజిన్ బతికేది ఆ వేడి మీదే. పిస్టన్ కింద ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉండే మొత్తం చోటు, అది పైకి వచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో చెప్పేదే కంప్రెషన్ రేషియో. పాత లారీ డీజిల్ ఇంజిన్లలో ఇది సాధారణంగా 16 నుంచి 18 మధ్య ఉంటుంది. 17 అనుకుంటే, పదిహేడు వంతుల చోటులో ఉన్న గాలి ఒక్క వంతులో ఇరుకుతుంది. ఆ నొక్కుడుకు దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 250 డిగ్రీల లోపే చాలు. ఇంత తేడా ఉంది కాబట్టే నాజిల్ చల్లిన డీజిల్ క్షణంలో అంటుకుంటుంది.

రేషియో అనేది ఇనుము కొలత. పిస్టన్ ఎత్తు, హెడ్డు కింద వేసే గ్యాస్కెట్ మందం, పిస్టన్ నెత్తిన ఉండే గుంత లోతు మారితే తప్ప అది మారదు. ఒత్తిడి అట్లా కాదు, ఆ కొలతతో పాటు గాలి ఎక్కడెక్కడ తప్పించుకుంటోందన్నదాన్ని బట్టి మారుతుంది. గేజ్ పెట్టి స్టార్టర్ తిప్పితే బాగున్న లారీ ఇంజిన్ సుమారు 25 నుంచి 30 బార్ చూపిస్తుంది, అంటే 350 నుంచి 450 పీఎస్ఐ. పిస్టన్ చుట్టూ గాలిని ఆపే రింగులు అరిగి అది 18 బార్‌కు పడిపోయిందనుకోండి, రేషియో మాత్రం ఇంకా 17 దగ్గరే ఉంటుంది. నొక్కాల్సినంతా నొక్కుతూనే ఉంది, గాలి నిలవడం లేదు. అట్లాంటి ఇంజిన్‌కు కొలతలు మార్చి లాభం లేదు, కారే చోటు మూయాలి.

హెడ్డు చెక్కిస్తే వచ్చేదెంత

నోటి లెక్క కాకుండా అంకెలతోనే చూద్దాం. టాటా లారీల్లో ఏళ్ల తరబడి నడిచిన 697 ఇంజిన్ బోరు (సిలిండర్ అడ్డు కొలత) 97 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 128 మిల్లీమీటర్లు. ఆరు సిలిండర్లు కలిపి 5,675 సీసీ, ఒక్కోదానికి 946 సీసీ. రేషియో 17 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు సుమారు 59 సీసీ. ఇప్పుడు ఉండాల్సినదానికంటే 0.3 మిల్లీమీటర్లు పల్చటి గ్యాస్కెట్ వేశామనుకుందాం. తగ్గే చోటు 2.2 సీసీ. రేషియో 17 నుంచి 17.6కు పోతుంది. ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఉండే సామర్థ్య సూత్రంలో ఈ రెండు అంకెలూ వేసి చూస్తే పెరుగుదల ఒక శాతం కంటే తక్కువ. 110 హార్స్‌పవర్ బండికి అది ఒక్క హార్స్‌పవర్ కూడా కాదు. మన్ననూరు ఎక్కుడులో లోడుతో పోయే డ్రైవరు కాలికి అది తెలియను కూడా తెలియదు.

మరి హెడ్డు చెక్కిస్తే బండి లేస్తుందన్న నమ్మకం ఎట్లా వచ్చింది? పెట్రోల్ బండ్ల నుంచి. పాత పెట్రోల్ ఇంజిన్లలో రేషియో ఏడు అటూ ఇటూ ఉండేది. దాన్ని తొమ్మిదికి తెస్తే, అదే సూత్రం ప్రకారం సామర్థ్యం ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది. తక్కువ రేషియో దగ్గర ప్రతి మెట్టుకూ లాభం కనపడుతుంది, 17 దాకా వచ్చాక ఆ లాభం అడుగంటిపోతుంది. పైగా చాలా పెట్రోల్ ఇంజిన్లలో మంట మండే గది హెడ్డులోనే ఉంటుంది కాబట్టి చెక్కినకొద్దీ గది చిన్నదవుతుంది.

లారీ డీజిల్‌లో హెడ్డు అడుగు చదునుగా ఉంటుంది. మంట గది ఉండేది పిస్టన్ నెత్తిన తొలిచిన గుంతలో. వాల్వులు మూసుకున్నప్పుడు హెడ్డు మట్టానికి కాస్త లోపలికే ఉంటాయి. హెడ్డు చెక్కితే ఆ లోతు తగ్గుతుంది, మరీ చెక్కితే వాల్వ్ ముఖం బయటికి పొడుచుకొచ్చి పిస్టన్‌కు తగిలే ప్రమాదం వస్తుంది. అందుకని లేత్ షాపులో వాల్వులు కూర్చునే సీట్లు ఇంకాస్త లోతుగా కోస్తారు. కోయగానే, చెక్కి తగ్గించిన చోటు తిరిగి వచ్చేస్తుంది. రేషియో ఎక్కడిదక్కడే ఉంటుంది. వంగిన హెడ్డును చదును చేయడానికి చెక్కించాలి, అది అవసరమే. పవర్ కోసం చెక్కించడం మాత్రం దండగ.

చెక్కించాక చాలామంది మరిచిపోయేది నాజిల్. హెడ్డు ఎంత పల్చబడితే నాజిల్ మొన అంత కిందికి దిగుతుంది. గుంత గోడకు తగలాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో డీజిల్ పడుతుంది. పొగ, మైలేజీ నష్టం రెండూ అక్కడ మొదలవుతాయి. నాజిల్ కింద వేసే రాగి వాషర్ మందం మార్చి మొన ఎంత బయటికి ఉందో కొలిచి సరిచేయాలి. ఇది చేసే షెడ్డు ఏదో, చేయనిది ఏదో తెలుసుకుంటే మెకానిక్‌ను ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

ఇంకో ముఖ్యమైన కొలత, పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య ఉండే సందు. అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, అంతే. పని తెలిసిన మెకానిక్ దీన్ని కళ్లతో ఊహించడు. పిస్టన్ నెత్తి మీద, పిన్ను ఉన్న వరసలో, సోల్డరింగ్ తీగ ముక్కలు రెండు గ్రీజుతో అతికిస్తాడు. పాత గ్యాస్కెట్టే వేసి హెడ్డు బిగించి, క్రాంకును రాడ్డుతో మెల్లగా తిప్పుతాడు. హెడ్డు తీసేసరికి తీగ నలిగి ఉంటుంది. నలిగిన చోట మైక్రోమీటరుతో మందం చూస్తే అసలు సందు బయటపడుతుంది. కంపెనీ చెప్పినదానికంటే పల్చగా నలిగిందంటే మందపు గ్యాస్కెట్ వేయాలి. బండి పరుగులో రాడ్లు కాస్త సాగుతాయి, బేరింగులు అరుగుతాయి, నెత్తిన మసి పేరుకుంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు వీటన్నింటికీ కావాలి. "సందు తగ్గిస్తే కంప్రెషన్ పెరుగుతది" అని దాన్ని కొరికేస్తే, ఒకరోజు హైవే మీద పిస్టన్ హెడ్డును గుద్దుతుంది.

ఒత్తిడిని తినేది దుమ్ము

మన దిక్కున ఇంజిన్లను తినేది ముందుగా దుమ్మే. గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్లు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, దామరచర్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఊక పొడి. లారీ బతుకంతా ఈ గాలిలోనే గడుస్తుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మోస్ కాఠిన్యపు స్కేలు మీద 7వ స్థానంలో ఉంటుంది. మామూలు కత్తి ఉక్కు కంటే అది గట్టిది. పిస్టన్ ఆడే గొట్టం, అంటే లైనర్, పోత ఇనుము, దాని ముందు నిలవదు.

దుమ్ము ఎక్కువగా లోపలికి దూరేది ఫిల్టర్ గుండా కాదు, ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు హోసు గుండా. ఎండకు చిట్లిన హోసు, వదులైన క్లిప్పు, సరిగా కూర్చోని ఫిల్టర్ మూత, ఇవే దారులు. ఫిల్టర్ ఎంత కొత్తదైనా దాని వెనక చీలిక ఉంటే లాభం లేదు. హోసు విప్పి, వేలికి తెల్లగుడ్డ చుట్టి లోపల తుడిచి చూడండి. గుడ్డకు మట్టి రంగు అంటి, వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలిందంటే ఇంజిన్ దుమ్ము తింటున్నట్టే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ పని చేయించి హోసు పాతదే వేసి పంపే షెడ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొత్త లైనర్లు మొదటి రోజు నుంచే అరగడం మొదలుపెడతాయి. పేపరు ఫిల్టర్‌ను పంక్చర్ షాపు గాలితో గట్టిగా కొట్టి దులపడం కూడా అంతే చెరుపు, కంటికి కనపడని చిల్లులు పడతాయి.

దుమ్ము, వేడి కలిసి లైనర్‌ను అన్నిచోట్లా సమానంగా తినవు. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట, అంటే లైనర్ పైఅంచుకు కాస్త కింద, అరుగుదల ఎక్కువ. హెడ్డు తీసి లైనర్ పైభాగంలో గోరుతో కిందినుంచి పైకి గీస్తే, గోరు ఆగిపోయే మెట్టు తగులుతుంది. అక్కడే పాత రింగుల ప్రయాణం ముగిసేది. "లైనర్లు బాగానే ఉన్నయ్, రింగులు మార్చి తోలుకో" అనే సలహా ఈ మెట్టు దగ్గరే దెబ్బతింటుంది. కొత్త రింగు అంచు పదునుగా ఉంటుంది, వెళ్లి ఆ మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది. విరిగిన ముక్క లైనర్‌ను నిలువునా చీరుతుంది.

విప్పకముందే తెలుసుకోవాల్సింది

పని మొదలయ్యే ముందు ఆరు సిలిండర్ల అంకెలూ తీసి కాగితం మీద రాయించుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, స్టార్టర్ మెల్లగా తిరిగితే అంకె తక్కువే వస్తుంది. ఇంజిన్ వేడిగా ఉండాలి. అన్నీ సమానంగా కొంచెం తగ్గితే అది మామూలు అరుగుదల. ఒకటి మిగతావాటికంటే పది శాతానికి మించి తక్కువ ఉంటే ఆ సిలిండర్‌లో ప్రత్యేకంగా ఏదో జరిగింది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందేమో చూడాలి.

నాజిల్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ గేజ్ చూడటం పాత అలవాటు. అంకె పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులది అంటారు. పెట్రోల్ ఇంజిన్‌కు ఇది పనికొస్తుంది. డీజిల్‌లో మాత్రం మోసం చేస్తుంది. మిగిలే చోటే 59 సీసీ కదా, అందులో పది సీసీ ఆయిల్ పడితే రేషియో 17 నుంచి 20కి పోతుంది. రింగులు బాగున్నా అంకె పెరుగుతుంది. ఆయిల్ ఎక్కువైతే రాడ్డు వంగే ప్రమాదం కూడా ఉంది.

దీనికంటే నమ్మకమైంది గాలి పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పూర్తిగా పైకి తెచ్చి, ఇంజిన్ తిరగకుండా ఆపి, నాజిల్ రంధ్రం నుంచి కంప్రెసర్ గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ నుంచి బుస్సుమంటే రింగులు, లైనర్లు. సైలెన్సర్ వైపు వినపడితే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ వైపు అయితే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్ మూత తీస్తే బుడగలు వస్తున్నాయంటే గ్యాస్కెట్ పోయింది, లేకపోతే హెడ్డు పగిలింది. ఏ పని చేయించాలో, ఏది అవసరం లేదో దీంతోనే సగం తేలిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు ఒక్కటే కాలిన బండికి ఫుల్ ఇంజిన్ పని చెప్పే చోట ఈ పరీక్ష అడిగి చేయించుకోవడం ఓనరు హక్కు.

అసలు పని

కంప్రెషన్ తిరిగి వచ్చేది లైనర్, రింగు, వాల్వ్ సీటు, గ్యాస్కెట్, ఈ నాలుగు చోట్లే. అయితే నాలుగింటికీ ఒకే శ్రద్ధ పడటం లేదు.

లైనర్ అరుగుదలను బోర్ గేజ్‌తో పైన, నడుమ, కింద, అదీ రెండు దిక్కుల్లో కొలవాలి. ఎందుకంటే అది గుండ్రంగా అరగదు, కోలగా అరుగుతుంది. కొత్త లైనర్ వేసేటప్పుడు దాని పైఅంచు బ్లాక్ మట్టానికి వెంట్రుక మందం మాత్రం పైకి నిలవాలి. ఆ చిన్న ఎత్తే గ్యాస్కెట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. బ్లాక్‌లో లైనర్ కూర్చునే గట్టు తినేసి ఉంటే లైనర్ లోపలికి కుంగుతుంది. అప్పుడు ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా అవి కాలుతూనే ఉంటాయి, నింద మాత్రం గ్యాస్కెట్ కంపెనీ మీద పడుతుంది. కమిన్స్ 6బీటీ లాంటి ఇంజిన్లలో లైనర్లే ఉండవు, బ్లాక్‌నే బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. బోరు పెరిగింది కాబట్టి పవర్ కూడా పెరుగుతుందని కొందరి ఆశ. 102 మిల్లీమీటర్ల బోరు అర మిల్లీమీటరు పెరిగితే సీసీ పెరిగేది ఒక్క శాతమే.

రింగును పిస్టన్‌కు తొడిగే ముందు లైనర్‌లో ఒంటరిగా పెట్టి చూడాలి. పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని, దాని నెత్తితో రింగును లోపలికి నెడితే అది వాలకుండా సమంగా కూర్చుంటుంది. అప్పుడు రింగు రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ ఆకు దూర్చి సందు కొలవాలి. ఈ సైజు బోరుకు అది సుమారు 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువైతే గాలి కారుతుంది. "టైటుగా ఉంటే కంప్రెషన్ బాగొస్తది" అని మరీ తక్కువ ఉంచితే, రింగు వేడికి పెరిగి కొనలు రెండూ గుద్దుకుని లైనర్‌ను గీరేస్తుంది. కంప్రెషన్ పెంచాలన్న ఆత్రం ఇంజిన్‌ను పట్టేసేది ఇట్లాంటి చోటే.

వాల్వుల దగ్గర, సీటు వెడల్పు సరిగ్గా ఉండటం ఒక ఎత్తు, వాల్వ్ కాడను పట్టి ఉంచే గైడ్లు మార్చడం ఇంకో ఎత్తు. గైడ్ అరిగి వాల్వ్ ఊగుతుంటే ఎంత బాగా గ్రైండింగ్ చేసినా సీటు మళ్లీ పాడవుతుంది. ప్రతి పనికీ సీటు కోస్తూ పోతే వాల్వ్ హెడ్డులోకి దిగిపోతుంది. ఈ దిగుడు మిగిలే చోటును పెంచుతుంది కాబట్టి నిజంగానే రేషియోను తగ్గిస్తుంది. పాత హెడ్డుకు కొత్త సీటు రింగులు వేయించడం పోయిన రేషియోను తిరిగి తెచ్చుకునే న్యాయమైన దారి.

గ్యాస్కెట్ సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడాలి, నడుమ నుంచి అంచులకు, విడతలు విడతలుగా బిగించాలి. సాగిన బోల్టులు పారేయాలి.

బలం కొలిచేది గాలిని బట్టి

ఇంజిన్ బాగైంది, ఆరు అంకెలూ సమానంగా వచ్చాయి, అయినా మే నెలలో బండి గుంజట్లేదు. ఎందుకు? డీజిల్ ఇంజిన్ ఎంత పవర్ ఇవ్వగలదన్నది చివరికి అది ఎంత గాలి పీల్చగలదన్నదాని మీదే ఉంటుంది.

అదే 697 ఇంజిన్, టర్బో (గాలిని ముందే నొక్కి లోపలికి తోసే పరికరం) లేనిది, 2,400 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6.8 ఘనమీటర్ల చోటును గాలితో నింపుకోవాలి. నిజానికి పూర్తిగా నిండదు, 85 శాతం అనుకుందాం. ఆ గాలి బరువు ఆరున్నర కిలోల దాకా ఉంటుంది. పొగ రాకుండా ఒక కిలో డీజిల్ మండాలంటే ఇట్లాంటి ఇంజిన్‌కు సుమారు ఇరవై కిలోల గాలి కావాలి. అంటే గంటకు పందొమ్మిది కిలోల డీజిల్. దాని నుంచి ఈ తరం ఇంజిన్ పిండుకోగలిగేది 110 హార్స్‌పవర్ అటూ ఇటూ. ఈ లెక్కలో రింగులు మార్చినా, గ్యాస్కెట్ మార్చినా పెద్దగా మారని అంకె గాలి ఒక్కటే.

ఆ గాలి మన దగ్గర తక్కువ. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలి కంటే 45 డిగ్రీల గాలి సుమారు తొమ్మిది శాతం పల్చన. నల్లగొండకు 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తుకు ఇంకో ఐదారు శాతం పోతుంది. రెండూ కలిస్తే మండుటెండలో ఇంజిన్‌కు దొరికే గాలి పదిహేను శాతం దాకా తగ్గినట్టే. పాత పంపు మాత్రం ఇదేమీ ఎరగక అంతే డీజిల్ పోస్తుంది. నల్లపొగ అక్కడిదే. బాగున్న ఇంజిన్‌ను మే మధ్యాహ్నం ఎక్కుడులో చూసి కంప్రెషన్ పోయిందని విప్పించడం కంటే, ఫిల్టర్ కొత్తది వేసి, గాలి గొట్టం బానెట్ లోపలి వేడి గాలిని కాకుండా బయటి గాలిని పీలుస్తోందో లేదో చూడటం మేలు. మసితో సగం మూసుకుపోయిన సైలెన్సర్ కూడా ఇట్లాగే బలం తినేస్తుంది.

ఇంకో రెండు చిన్న సంగతులు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పంపు లివర్ చివరిదాకా పోతోందా అని ఇంకొకరు కింద నిలబడి చూడాలి. లింకు అరిగి లివర్ ముప్పావు దగ్గరే ఆగిపోయే బండ్లు ఎన్నో. అట్లాగే చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే పట్టేసిన బ్రేకు దొరుకుతుంది.

పంపు, నాజిల్, ఆ ఒక్క స్క్రూ

డీజిల్ పంపులు చేసే మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, మన షెడ్లలో ఇప్పటికీ మైకో పంపే. పాత లారీకి నిజంగా బలం తిరిగి తెచ్చే పని ఎక్కువసార్లు ఈ పంపు, నాజిళ్ల దగ్గరే ఉంటుంది. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి పాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో 200 నుంచి 250 బార్ ప్రాంతంలో ఉంటుంది. స్ప్రింగు అలిసిపోయి అది తగ్గితే డీజిల్ పొగమంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలుగా కారుతుంది. కారిన డీజిల్ లైనర్ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్ నెత్తిని కాల్చేస్తుంది. ఇంజిన్ పని చేయించి పాత నాజిళ్లే తిరిగి వేస్తే కొత్త రింగులకు ఆయుష్షు ఉండదు. నాజిళ్లు టెస్టర్ మీద, పంపు కాలిబ్రేషన్ బల్ల మీద పెట్టించి, ఆరు సిలిండర్లకూ డీజిల్ సమానంగా పోతోందని చూసుకోవాలి. తర్వాత టైమింగ్. డీజిల్ ముందుగా పడితే ఇంజిన్ కొట్టుకుంటుంది, ఆలస్యంగా పడితే బలం లేక పొగ, వేడి పెరుగుతాయి. కంపెనీ గుర్తు ఎక్కడుందో అక్కడే ఉండాలి.

ఇక స్క్రూ. పంపు మీద గరిష్ఠ డీజిల్‌ను ఆపే స్క్రూకు సీసపు సీలు వేసి ఉంటుంది. దాన్ని తెంపి తిప్పితే ఆ రోజే బండి మారిపోయినట్టు అనిపిస్తుంది, ఆ మాట నిజమే. కానీ గాలి పెరగలేదు. పెరిగిన డీజిల్‌లో ఎక్కువ భాగం సగం మండి నల్లపొగై పోతుంది, మిగతాది ఎగ్జాస్ట్ వేడిని పెంచుతుంది. ఎగ్జాస్ట్ వాల్వులు కాలడం, హెడ్డు పగలడం, పిస్టన్ నెత్తి కరగడం దాని తర్వాతి కథ. మసి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుంది. డీజిల్ ఖర్చు ఎట్లాగూ పెరుగుతుంది. బీఎస్-4కు ముందు బండ్లకు పొల్యూషన్ పరీక్షలో పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ నల్లదనం కొలత), ఈ స్క్రూ తిప్పిన బండి దాన్ని దాటడం కష్టం.

టర్బో అడిగేవాళ్లకు

బలం పెంచే అసలైన దారి ఎక్కువ గాలి కాబట్టి టర్బో గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. కంపెనీలు ఒకే ఇంజిన్‌ను టర్బోతో చేసినప్పుడు చాలాసార్లు కంప్రెషన్ రేషియోను పెంచలేదు, తగ్గించాయి. ముందే నొక్కిన గాలి లోపలికి వస్తుంది కాబట్టి, అదే రేషియో ఉంచితే మండేటప్పుడు ఒత్తిడి బ్లాక్ భరించలేనంత అవుతుంది. 2012లో వచ్చిన మాజ్దా స్కైయాక్టివ్ డీజిల్ కారు ఇంజిన్ 14 రేషియోతోనే నడిచింది. ఎక్కువ కంప్రెషన్ ఉంటేనే ఎక్కువ పవర్ అన్న లెక్క డీజిల్‌లో నిలవదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

మామూలు ఇంజిన్‌కు బయట దొరికే టర్బో తగిలిస్తే సరిపోదు. పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, తగిన పిస్టన్లు, గ్యాస్కెట్, టర్బోకు ఆయిల్ లైను, గాలిని బట్టి డీజిల్ పెంచే పంపు, పెద్ద రేడియేటర్, ఇన్ని కావాలి. ఇవన్నీ కొనేకంటే అదే కంపెనీ టర్బో ఇంజిన్ మొత్తంగా దొరికితే వేయించడం మంచిది. అప్పుడు కూడా కాగితాలు చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అట్లా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి, కొత్త నంబరు ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. లేకపోతే యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడేది ఓనరే.

షెడ్డు నుంచి బయటికి వచ్చాక

కొత్త రింగులు లైనర్‌కు కూర్చునేది మొదటి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లలోనే. "కొత్త ఇంజిన్, మెల్లగా పోనీ" అని గంటల తరబడి ఐడ్లింగ్‌లో ఉంచడం మంచి కంటే చెడే చేస్తుంది. రింగుల వెనక గాలి ఒత్తిడి చాలక అవి లైనర్‌ను గట్టిగా తాకవు, లైనర్ లోపల ఆయిల్ నిలవడానికి గీసిన హోనింగ్ గీతలు పూడిపోయి లైనర్ అద్దంలా నున్నగా తయారవుతుంది, తర్వాత ఆ ఇంజిన్ ఆయిల్ తింటూనే ఉంటుంది. అట్లాగని మొదటి ట్రిప్పుకే ఫుల్ లోడు కంకరతో ఎక్కుడు ఎక్కించకూడదు. సగం నుంచి ముప్పావు లోడు, ఒకే వేగంతో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ, చిట్యాల నుంచి కోదాడ దాకా ఉన్నలాంటి చదును హైవే దీనికి బాగుంటుంది. మొదటి ఆయిల్ త్వరగా మార్చాలి, అందులో రుద్దుడుకు రాలిన లోహపు పొడి ఉంటుంది. గ్యాస్కెట్ రకాన్ని బట్టి కంపెనీ చెప్పి ఉంటే హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయించాలి.

ఆ తర్వాత ఒకసారి బ్రీదర్ మూత తీసి, ఇంజిన్ నడుస్తుండగా పొగ ఎంత వస్తోందో చూసుకోవాలి. మళ్లీ గేజ్ పెట్టించి, ఆరు సిలిండర్ల అంకెలు, ఆ రోజు కిలోమీటరు రీడింగు, నాజిళ్ల ఒత్తిడి, వేసిన గ్యాస్కెట్ మందం ఒక కాగితం మీద రాసి బండి కాగితాలతో పాటే పెట్టుకోవాలి. రెండేళ్ల తర్వాత బండి గుంజట్లేదనిపించి ఎవరైనా ఇంజిన్ విప్పుదామంటే, ముందు ఆ కాగితం పక్కన పెట్టుకుని కొత్త అంకెలు తీయించాలి.